సీడీకి ముఖం ఎటువైపు?

అది 2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. కొత్తగూడ జంక్షన్ దగ్గర ఒక ఇరానీ హోటల్‌కూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో నా దుకాణం ఉండేది. బోర్డు మీద పెద్దక్షరాలతో ‘డేటా దవాఖాన’ అని రాయించాం. పేరు మా ఆయన పెట్టాడు. ఆయన నర్సు. లోకంలో చెడిపోయినవన్నీ ఆయనకు పేషెంట్లలాగే కనిపిస్తాయి. మాది తెనాలి వైపు, దవాఖాన అనే మాట మా ఇళ్లలో వినపడదు. హైదరాబాద్ వచ్చాక నేర్చుకున్న మొదటి మాటల్లో అదొకటి, నాకు భలే నచ్చింది. చిక్కల్లా బోర్డులో రెండో మాట మాత్రమే చదివే వాళ్లతోనే. జ్వరమొచ్చిన పిల్లల్ని చంకనేసుకుని తల్లులు వచ్చేవారు. ఒకాయనైతే లోపలికొచ్చి చొక్కా గుండీలు కూడా విప్పేశాడు. పక్కనే మందుల షాపు పెట్టుకుని వాళ్లను తప్పుపట్టడానికి కూడా లేదు.

నా పని డేటా రికవరీ. అంటే చెడిపోయిన హార్డ్ డిస్కులు, సీడీలు, పెన్ డ్రైవుల్లో చిక్కుకుపోయిన ఫొటోలనూ, లెక్కలనూ, పాటలనూ బయటికి లాగడం. రెండో పని బ్యాకప్. హైటెక్ సిటీ కంపెనీల సమాచారానికి మరో నకలు తీసి, ఏళ్ల తరబడి చెడకుండా దాచే ఏర్పాటు చెయ్యడం. మొదటి పనిలో జనం ఏడుస్తూ వస్తారు, రెండో పనికి అసలు రారు. దాచుకోవడం అనేది పోయాక గుర్తొచ్చే విషయం. ఇన్నేళ్లలో నా కోపమంతా దీని మీదే.

ఆ నెలలో గిరాకీ పల్చబడింది. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులు మూసేశారు, కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. ఊరేగింపు వస్తోందంటే అందరం షటర్లు దించేవాళ్లం, వెళ్లగానే ఎత్తేవాళ్లం. ఇది నిత్యం జరిగేదే కనుక నేను షటరు సగానికి దించే కూర్చునేదాన్ని.

దసరా వెళ్లిన వారంలో ఆ సగం షటరు కింద నుంచి వంగి ఇద్దరు లోపలికి వచ్చారు. ముందు యాభై ఏళ్ల ఆవిడ, నుదుట పెద్ద బొట్టు, చేతిలో గుడ్డ సంచి. వెనక మెడకు రుమాలు చుట్టుకున్న ఆయన.

“మేడం, మా ఆయన గొంతు తెచ్చిన. జర చూడుర్రి,” అందావిడ.

నాకు విసుగొచ్చింది. “అమ్మా, ఇది మనుషుల దవాఖాన కాదండి. గొంతు చూపించుకోవాలంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.”

“గా డాక్టర్లే కోసిండ్రు గదమ్మా. గా గొంతు కాదు, గిది,” అంటూ ఆవిడ సంచిలోంచి సకినాలు పోసుకునే స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే లోపల ఎర్ర గుడ్డలో చుట్టిన రెండు సీడీలు.

ఆవిడ పేరు బాలమణి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో హౌస్ కీపింగ్ పని. ఆయన సత్తయ్య, మియాపూర్‌లో అపార్టుమెంట్ల సెక్యూరిటీ. అంతకుముందు ఆయన పాటగాడు. తెలంగాణ సభ ఎక్కడ జరిగినా డప్పు భుజానేసుకుని వెళ్లి పాడేవాడట. కొన్నేళ్ల కింద బాచుపల్లిలో ఒక చిన్న స్టూడియో వాళ్లు ఆయన చేత ఐదు పాటలు పాడించి, రెండు సీడీలు చేతిలో పెట్టారు. కిందటేడు గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆయన నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. ఏం చెప్పాలన్నా సైగలు చేస్తాడు, లేదంటే వేళ్లతో బల్ల మీద దరువేస్తాడు. ఔనంటే ఒక దెబ్బ, కాదంటే రెండు.

“ఆదివారం మా కాలనీ రోడ్డు మీద వంటావార్పు ఉన్నది,” అంది బాలమణి. రోడ్డు మీదే వండి, అక్కడే తినే నిరసన అది. “సత్తన్న పాట మైకుల పెడ్తమన్నరు పోరగాళ్లు. డబ్బా తీసి పక్కింటోళ్ల ప్లేయర్ల ఏస్తే రెండిట్ల ఒక్కటి గూడ పాడలే. ఇగ చూడు నా పరేషాన్.”

“అంతకుముందు ఎప్పుడు విన్నారండి?”

“ఇనలే.”

“ఒక్కసారి కూడానా?”

“మల్ల మల్ల ఏస్తే క్యాసెట్లు అరుగుతయి గదా. గివి గూడ అరిగిపోతయని భద్రంగ దాచిన. ఆయన గొంతు మంచిగున్నప్పుడు గివెందుకు? పోయినంక ఇనబుద్ధి అయింది గని, ఇంటే ఖర్చయిపోతదని భయం.”

నేను నవ్వాను కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. క్యాసెట్ అరగడం నిజమే, అందులో ప్లేయరు హెడ్డు టేపును రాసుకుంటూ పోతుంది. సీడీని తాకేది వెలుతురు మాత్రమే, ఎన్నిసార్లు విన్నా అరగదు. ఆ మాట చెబితే సత్తయ్య పెళ్లాం వంక చూసి వేలితో తన నుదురు కొట్టుకున్నాడు. “మరి నువ్వన్న చెప్పకపోతివి, అన్నీ తెలిసినోనివి!” అని ఆవిడ కస్సుమంది.

మొదటి సీడీ చేతిలోకి తీసుకున్నాను. పై వైపు సగం కాగితం, సగం బోసి. “దీని మీద స్టిక్కరు ఉండాలే?”

సత్తయ్య చూపు తిప్పుకున్నాడు. బాలమణికి ఊపొచ్చింది. “చెప్పు, నువ్వే చెప్పు! ఆయన ఫొటో అంటించిరి మేడం దాని మీద. అందుల మీసం వంకరొచ్చిందని పీకిండు.”

సీడీని కిటికీకి ఎదురుగా పట్టుకుని ఇద్దర్నీ చూడమన్నాను. అటువైపు వెలుతురు చిల్లుల్లోంచి కనిపిస్తోంది. సీడీ గురించి జనానికి తెలియని సంగతి ఇదే. మెరిసే వైపు ఉన్నది దళసరి ప్లాస్టిక్ మాత్రమే. పాట రాసి ఉన్న సన్నటి పొర బొమ్మ ఉన్న వైపున, పల్చటి వార్నిష్ కింద ఉంటుంది. అటువైపు స్టిక్కరు పీకితే వార్నిష్‌తో పాటు ఆ పొర కూడా లేచి వచ్చేస్తుంది. పోయిన పొరను ఏ రికవరీ కూడా తిరిగి తేలేదు.

“మీసంతో పాటు పాట కూడా పోయిందండి,” అన్నాను. సత్తయ్య తల దించుకున్నాడు. పాపం, ఆ మనిషిని చూస్తే అంత పదునుగా అనకుండా ఉండాల్సింది అనిపించింది.

రెండో సీడీ తిప్పాను. మెరిసే వైపు నాలుగు దిక్కులా గంధం, పసుపు, వాటి మీద కుంకుమ బొట్లు. తాజావి. వాటి కింద పాత బొట్ల మరకలు.

“ఇదేంటమ్మా?”

“దసరాకు పెట్టిన. ఏటేటా పెడ్త. డప్పుకు పెడ్త, ఆయన సైకిలుకు పెడ్త, గీనికి గూడ పెడ్త. ఆయుధ పూజ గదా.”

“ఆయుధ పూజ సరే. ఇటువైపు ఎవరు పెట్టమన్నారు?”

ఆవిడ నన్ను జాలిగా చూసింది. “బొట్టు ముఖానికే పెడ్తరు గని వీపుకు పెడ్తరా? గిది అద్దం తీరు మెరుస్తున్నది. ఇదే గద ముఖం?”

నేను సీడీని అటూ ఇటూ తిప్పి చూశాను. ఆవిడ అంతటితో ఆగలేదు. “మా ఆఫీసుల ఇంజినీర్లే పెడ్తరు మేడం! ఏసీ రూముల కంప్యూటర్లు బీరువల తీరు నిలబెట్టి ఉంటయి గద, గవిటికి బొట్లు పెట్టి, పూలేసి, గుమ్మడికాయ కొడ్తరు. ఊడ్చేది నేనే.”

అదీ నిజమే. ఈ చుట్టుపక్కల సర్వర్ రూముల్లో నేను చూడని బొట్టు లేదు. మేం చర్చికి వెళ్లేవాళ్లం, మాకు ఆయుధ పూజ లేదు. అయినా బ్యాకప్ మెషీన్ల మీద ఎండిన గంధాన్ని గీకీ గీకీ నాకు దసరా ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్లిందో ఇట్టే తెలిసిపోతుంది. సర్వర్లకు చక్రాలు లేవు కానీ, ఉంటే నిమ్మకాయలు కూడా తొక్కించేవాళ్లు.

“కిందటేటి బొట్టును ఎలా తుడిచేవారు?” అని అడిగాను.

బాలమణి కొంగు తీసి గాలిలో దిష్టి తీసినట్టు గుండ్రంగా తిప్పి చూపించింది. సీడీలో పాట చుట్టలు చుట్టలుగా రాసి ఉంటుంది. మధ్య నుంచి అంచుకు నిలువుగా గీత పడితే ఒక్కో చుట్టలో కొంచెమే పోతుంది. పక్కనే అదనంగా రాసి ఉంచిన అంకెలతో ఆ పోయినదాన్ని డ్రైవు లెక్కగట్టి పూరించుకుంటుంది. గుండ్రంగా గీసుకుపోతే ఒకే చోట పెద్ద ముక్క పోతుంది, అప్పుడు లెక్కలు పనిచెయ్యవు. ఇక కుంకుమ సన్నటి పొడి, కొంగుతో రుద్దితే ప్లాస్టిక్‌ను గీకేస్తుంది.

“ఇది గూడ పోయినట్టేనా చెల్లె?” మేడం కాస్తా చెల్లె అయింది, గొంతు కూడా మారింది. “ఈన గొంతు పోయినంక ఇగ ఇవే అనుకున్న. ఏడాది గూడ కాలే, అప్పుడే ఎట్ల మాట్లాడేటోడో నాకు యాదికొస్తలేదు. పొద్దుగాల లేస్తే యాదికి తెచ్చుకుంటనే ఉంటా. రాదు.”

సత్తయ్య బల్ల మీద దరువాపి ఆవిడనే చూస్తున్నాడు. ఈ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసిందని ఆ ముఖం చూస్తే అర్థమైంది. వంటావార్పు మాట నేను మర్చిపోయాను.

“పోయిందో లేదో కడిగితే తెలుస్తుందక్కా,” అన్నాను.

గోరువెచ్చటి నీళ్లు, ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు, కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ. దుకాణంలో ఖరీదైన సామాను ఎంతున్నా మొదటి వైద్యం ఇదే. సబ్బు నీళ్లు తగలగానే పసుపు మరకలు ఎర్రగా మారి నా వేళ్ల మధ్య నుంచి కారాయి. సత్తయ్య అదిరిపడి నా చెయ్యి పట్టుకున్నాడు. తన గొంతులోంచి రక్తం వస్తున్నట్టే ఉంది ఆయన చూపు.

“అయ్యో, రక్తం కాదయ్యా! పసుపుల సున్నం కలిపి పారాణి చేస్తే ఎర్రగ గాదా? ఇదీ గంతే,” అని బాలమణి ఆయన వీపు తట్టింది. అప్పటిదాకా తానే బెంగపడ్డ మనిషి ఆయనకు ధైర్యం చెబుతోంది. నేను మధ్య నుంచి అంచుకు, మధ్య నుంచి అంచుకు తుడుస్తూ ఆవిడకు చూపించాను. గుండ్రంగా మాత్రం జన్మలో తుడవకూడదని ఒట్టు వేయించుకున్నాను.

గీతలు కొన్ని ఉండనే ఉన్నాయి. నా దగ్గర నాలుగైదు రకాల సీడీ డ్రైవులు ఉంటాయి. కొత్తవి హడావుడి మనుషులు, ఒకసారి చదివి రాకపోతే విసిరికొడతాయి. మూలనున్న పాత డ్రైవు ఒకటి నెమ్మదిగా తిరుగుతుంది. రాని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నించమని చెబితే విసుక్కోకుండా ప్రయత్నిస్తుంది. సీడీ అందులో పెట్టి, వేగం తగ్గించి, వచ్చిందంతా హార్డ్ డిస్కు మీదికి ఎత్తుకునే ప్రోగ్రాము నడిపాను. మధ్యలో కరెంటు పోయింది. బ్యాటరీ ఆదుకుంది. ఇరానీ హోటల్ నుంచి టీలు తెప్పించాను. సత్తయ్య గ్లాసు మీద దరువేస్తుంటే అది ఏ పాటదో బాలమణి చెప్పేది, తప్పు చెబితే ఆయన రెండు దెబ్బలు కొట్టేవాడు.

టీ గ్లాసులు హోటల్‌కు తిరిగి వెళ్లేసరికి ఐదు పాటలూ వచ్చాయి. మూడో పాటలో మాత్రం ఒక చరణం దగ్గర కొద్ది సెకన్లు దక్కలేదు. కొంగు అక్కడే బాగా తిరిగినట్టుంది.

“వినండి,” అని మొదటిది పెట్టాను.

ముందు ఏదో గలగల, కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఒక దగ్గు. ఆ తర్వాత ఒక మగ గొంతు, కాస్త బొంగురుగా, కాస్త అధికారంగా: “బాలా, జర మంచినీళ్లియ్యే.”

స్టూడియో వాళ్లు మొదట్లో ఆ ముక్క కత్తిరించడం మర్చిపోయారు. ఆ వెంటనే డప్పు మోగింది, పాట అందుకుంది. కానీ ఆ పాటను గదిలో ఎవరూ వినలేదు. బాలమణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తయ్య కళ్లల్లో నీళ్లు, మీసం కింద నవ్వు.

“ఆ దినం నేనియ్యలే చెల్లె,” అంది ఆవిడ. “అందరి ముందర్నే హుకుం జేస్తుండని అలిగిన. స్టూడియో పిల్లగాడే తెచ్చిచ్చిండు.”

లేచి నా బల్ల మీది నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, మొగుడి చేతిలో పెట్టింది. “ఇగో, తాగు.” ఆయన తాగి, సీసా దించి, బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కొంచెం తేరుకున్నాక బాలమణి అసలు ప్రశ్న వేసింది. “చెల్లె, ఇప్పుడు ఇది దేంట్ల దాచాలె? వందేండ్లు ఉండేటిది ఏదన్న ఉంటే చెప్పు, కొంట.”

“వందేళ్లు ఉండే డిస్కని ఎవరైనా అమ్మితే, వందేళ్లూ నీ దుకాణం తెరిచి ఉంటదా అని అడుగక్కా,” అన్నాను.

ఈ ప్రశ్న పెద్ద పెద్ద కంపెనీల మేనేజర్లూ అడుగుతారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. పెన్ డ్రైవు మోసుకెళ్లడానికే కానీ దాచడానికి కాదు, వాడకుండా పడేస్తే అందులోని విద్యుత్తు మెల్లగా జారిపోతుంది. హార్డ్ డిస్కు మంచిదే, కానీ ఏళ్ల తరబడి తిప్పకపోతే లోపలి భాగాలు పట్టేస్తాయి. కంపెనీలు వాడే టేపు గట్టిది, దాన్ని చదివే మెషీను మాత్రం ఇళ్లలో ఉండదు. మంచి రకం సీడీ మీద నెమ్మదిగా రాసి, ఎండ తగలకుండా నిలబెట్టి ఉంచితే చాలా ఏళ్లు వస్తుంది. దేన్నీ ఒంటరిగా నమ్మకూడదు. రెండు సీడీలు ఒకే డబ్బాలో పెడితే అవి రెండు కాదు, ఒకటే లెక్క. డబ్బా పోతే రెండూ పోతాయి. మూడు నకళ్లు ఉండాలి, అవి కనీసం రెండు రకాల వాటి మీద ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. మా కృష్ణా, గుంటూరు వైపు ఆవకాయ ఒకే జాడీలో పెట్టరు కదా అన్నాను. “మా దిక్కు గూడ పెట్టరు. మామిడికాయలు మీయొక్కలియేనా?” అని ఠక్కున తిప్పికొట్టింది బాలమణి.

చివరికి ఒక హార్డ్ డిస్కు, రెండు సీడీలు అనుకున్నాం. రెండో సీడీ బాచుపల్లిలో ఉండే వాళ్ల కూతురింటికి. మిగిలింది అన్నిటికన్నా కష్టమైన మాట. “ఏటా ఒకరోజు అన్నీ బయటికి తీసి, వేసి, వినాలి. ఏదైనా మొరాయిస్తే వెంటనే బాగున్నదాంట్లోంచి కొత్తది చేసుకోవాలి. ఇది మర్చిపోతే మిగతాదంతా దండగ.” పెద్ద పెద్ద ఆఫీసుల్లోనే ఇది ఎవరూ చెయ్యరు. గుర్తుండదు.

బాలమణి ఆలోచించి, “దసరాకు తీస్త గద,” అంది.

నిజమే. ఏటా తప్పకుండా డబ్బా తెరిచే రోజు ఆవిడకు ముందే ఉంది. తెరిచి, తుడిచి, పూజ చేసి పెట్టేస్తోంది. చెయ్యనిదల్లా వినడమే.

“ముందు వినాలి, తర్వాత బొట్టు. బొట్టు కూడా డబ్బాకే,” అన్నాను.

“డబ్బాకు ముఖం ఎటు దిక్కు?” అందావిడ. సత్తయ్య భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వుకు కూడా ఆయన దగ్గర చప్పుడు లేదు, అయినా గదంతా వినిపించింది.

ఆదివారం చర్చి అయ్యాక నేనూ మా ఆయనా మియాపూర్‌లో వాళ్ల కాలనీకి వెళ్లాం. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, పెద్ద గుండిగలు, పొగ. “మా గొంతు డాక్టరమ్మ వచ్చింది!” అని బాలమణి చేతిలో గరిటెతోనే కేకేసింది. ఎవరో “ఆంధ్రా అక్కకు కిచిడి ఎక్కువెయ్యుర్రి, మన మీద కోపం సల్లబడ్తది,” అన్నారు. విస్తరి నిండా వేశారు, నిండా తిన్నాం.

మైకులో సత్తయ్య పాటలు మోగాయి. మూడో పాటలో ఆ చోటు వస్తోందని నాకు తెలుసు, విస్తరి పట్టుకునే బిగుసుకున్నాను. “సల్లగుండాలె మా ఊరి చెరువూ...” అని గొంతు ఎత్తి, అక్కడ తెగింది. అందరూ కరెంటు పోయిందనుకుని స్తంభం వైపు చూశారు. సత్తయ్య డప్పు అందుకుని దరువు ఆగకుండా పట్టాడు. ఆ దరువు మీద బాలమణి గుండిగ కలుపుతూనే అందుకుంది: “చెరువు నిండితె గాని తీరదీ కరువూ!” అంతలో మైకు మళ్లీ పలికింది. అంత జనంలో ఆవిడ ఎప్పుడూ పాడలేదట. పాడాక గరిటె వెనక ముఖం దాచుకుంది.

తర్వాత రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, కొత్తగూడ జంక్షన్ మీద ఫ్లైఓవర్ వచ్చింది. నా దుకాణం బాచుపల్లికి మారింది, బోర్డు మాత్రం అదే. ఇప్పటికీ జ్వరాలతో వస్తారు. సీడీ వేసే కంప్యూటర్లే కనపడకుండా పోతుంటే సత్తయ్య పాటలను కొత్త వాటి మీదికి రెండుసార్లు మార్చాను. నమ్మకమైన డిస్కు ఏదని నన్ను ఎవరైనా అడిగితే ఈ ఇద్దరి గురించే చెబుతాను. ఏ కంపెనీది కొన్నారన్నది తర్వాతి మాట, ఏటా తెరిచే మనిషి ఉన్న డిస్కే నమ్మకమైనది. ఆ మనిషికి తెరవాలనే ఆశ కూడా ఉండాలి.

ప్రతి దసరా పొద్దున నాకు బాలమణి ఫోను వస్తుంది. అవతల ముందు డప్పు మీద ఒక్క దెబ్బ, అది సత్తయ్య పలకరింపు. తర్వాత ఆవిడ రిపోర్టు ఇస్తుంది.

“చెల్లె, అన్నీ ఏసి ఇన్న. అన్నీ మంచిగున్నయి. నీళ్లు గూడ ఇచ్చిన.”